కసింద వేరు, తగిరిస వేరు: కాయ కట్టకముందే తేల్చుకుందాం



ఈ పోస్టు కాస్త పొడుగుంటది. చేలో పని అయ్యాక తీరిగ్గా చదవండి. ఇంట్లో రెండేళ్ల నుంచి ఐదారేళ్ల పిల్లలున్నవాళ్లు మాత్రం పక్కన పెట్టకుండా ఇప్పుడే చదవండి.

పోయిన ఏడాది దసరా సెలవుల్లో మా మనవరాలు ఇంటికొచ్చింది. నేను పశువులకు మేత వేసి దొడ్లోకి పోయేసరికి అది, పక్కింటి పిల్లలిద్దరు కూర్చుని వంటలాట ఆడుతున్నారు. కొబ్బరి చిప్పలో ఏవో పచ్చి గింజలు. "తాతా, పెసరపప్పు చేసినం, తిను" అని చిప్ప నా చేతికిచ్చింది. చూస్తే కసింద కాయలు ఒలిచిన గింజలు. పక్కనే తొక్కల కుప్ప.

నా గుండె జారిపోయింది. ఎవరన్నా నోట్లో పెట్టుకున్నారా అని అడిగితే లేదన్నారు. నోళ్లు కడిగించి, పక్కింటి వాళ్లకు చెప్పి, ఆ రాత్రంతా కనిపెట్టుకుని కూర్చున్నాం. దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు.

ఇందులో తప్పు పిల్లలది కాదు, నాది. ఆ మొక్కలు జూన్ వానలకు మొలిచినప్పుడు మా ఇంటావిడ పీకేస్తానంటే, "తగిరిస, కూరకు పనికొస్తది, ఉండనియ్యి" అన్నది నేనే. నలభై ఏళ్లుగా వ్యవసాయం చేస్తూ కసిందకూ తగిరిసకూ తేడా చూసుకోలేదు. మా అమ్మ ఉన్నప్పుడు కూరాకు కోయడానికి పోతే వేళ్లతోనే తేడా పట్టేది. ఆమె పోయింది, ఆ గుర్తు కూడా మా ఇంట్లో పోయింది. మీ ఇళ్లల్లో కూడా చాలావరకు పోయే ఉంటది. అందుకే ఈ పోస్టు.

రెండూ ఒక ఇంటి పిల్లలే

మన తంగేడు, కసింద, తగిరిస అన్నీ ఒకే ప్రజాతి. శాస్త్రంలో ఆ ప్రజాతి పేరు సెన్నా. కసింద సెన్నా ఆక్సిడెంటాలిస్, తగిరిస సెన్నా టోరా. పాత పుస్తకాల్లో కాసియా అని ఉంటది. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే ఇద్దరు వృక్ష శాస్త్రజ్ఞులు వీటిని కాసియా నుంచి విడదీసి సెన్నాలో పెట్టారు. రేల మాత్రం కాసియాలోనే ఉండిపోయింది. కాబట్టి ఎక్కడన్నా కాసియా అని చదివినా, సెన్నా అని చదివినా మొక్క అదే.

సంస్కృతంలో కసిందను కాసమర్ద అన్నారు, దగ్గును అణిచేది అని. తగిరిసను చక్రమర్ద అన్నారు. చక్రం అంటే తామర మచ్చ, గుండ్రంగా వస్తది కదా, దాన్ని అణిచేది అని. అంటే పాతకాలం వాళ్లకు ఇవి రెండు వేర్వేరు మొక్కలని, వేర్వేరు పనులకని బాగా తెలుసు. కలిపేసింది మనమే.

కలపడానికి కారణం కూడా ఉంది. రెండూ తొలకరికి మొలుస్తయి. రెండిటికీ ఐదు రెక్కల పసుప్పచ్చ పూలు. రెండిటికీ కాయలు. రెండిటి ఆకు నలిపినా చెడు వాసనే. రెండూ గట్ల మీద, రోడ్డు పక్కన, పెంట కుప్పల దగ్గర, పాడుబడ్డ దొడ్లలో పెరుగుతయి. పైగా పేర్ల గోల ఒకటి. తగిరిసను కొన్ని ఊళ్లల్లో తగిరంచ అంటారు, కొన్నిచోట్ల తంటెం అంటారు, ఇంకొన్నిచోట్ల చిన్న కసింద అంటారు. చిన్న కసింద అన్నాక "పెద్ద కసింద కూడా తినొచ్చేమో" అనుకునేవాడు ఒకడు ఉండనే ఉంటాడు. ఒడిశాలో కూడా ఇదే తంటా. అక్కడ తగిరిసను చకుండా అంటారు, కసిందను బడా చకుండా, అంటే పెద్ద చకుండా అంటారు. పేరు వింటే ఒకటే మొక్క చిన్నదీ పెద్దదీ అనిపిస్తది. అందుకే నా మాట ఏంటంటే, పేరును నమ్మొద్దు, మొక్కను చూడండి.

తేడా ఎట్లా పట్టాలి

పుస్తకం అక్కర్లేదు. రేపు పొద్దున గట్టు మీదికి పోయి, రెండు మొక్కలు పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఒకటి, ఆకు కొస. కసింద ఆకు కొస సూదిగా సాగి ఉంటది, ఈటె మొన లాగా. తగిరిస ఆకు కొస దగ్గర వెడల్పై గుండ్రంగా ఉంటది, మొదట్లో సన్నం. చిన్న గరిటె అనుకోండి.

రెండు, ఆకుల లెక్క. తగిరిస ఒక కాడకు మామూలుగా మూడు జతల ఆకులు. కసిందకు నాలుగైదు జతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కాకపోతే కసింద లేత మొక్కకు మూడు జతలే ఉండొచ్చు. కాబట్టి లెక్క ఒక్కటే చూసి తేల్చొద్దు.

మూడు, గ్రంథి. ఇదే అన్నిటికన్నా గట్టి గుర్తు. మా అమ్మ వేలితో తడిమి చూసేది ఇదే అని నాకు ఇప్పుడు అర్థమైంది. కసింద ఆకు కాడ మొదట్లో, కొమ్మకు అతుక్కునే చోట, ఆవగింజంత నున్నటి ముదురు రంగు బుడిపె ఉంటది. తగిరిసకు అక్కడ ఏమీ ఉండదు. దానికి ఆకుల జతల మధ్యలో, కింది జతల దగ్గర, సన్నగా పుల్ల మొన లాంటి గ్రంథి నిలబడి ఉంటది. బుడిపె కొమ్మ దగ్గరుంటే కసింద, ఆకుల మధ్యలో ఉంటే తగిరిస. చిన్న మొక్కప్పుడే ఈ తేడా తెలిసిపోతది.

నాలుగు, కాయ. కసింద కాయ బద్దలాగా చదునుగా, కొంచెం పైకి వంగి ఉంటది. అంచులు లేత రంగు, మధ్యలో గోధుమ రంగు. పచ్చిగా ఉన్నప్పుడు పిల్లల కంటికి చిక్కుడు జాతి కాయే. తగిరిస కాయ సన్నగా, పొడుగ్గా, కొడవలిలా వంగి, పలకలు తేలి ఉంటది.

ఐదు, గింజ. కసింద గింజ చదునుగా గుండ్రంగా, మసక రంగు. తగిరిస గింజ పలకలు పలకలుగా, రెండు కొసలు ఏటవాలుగా కోసినట్టు, మెరుస్తా ఉంటది.

ఆరు, ఎత్తు. తగిరిస మోకాలెత్తు, మంచి నేలైతే నడుమెత్తు. కసింద మనిషెత్తు కూడా పోతది, మొదలు కట్టెలాగా గట్టిపడతది.

ఇంకో దాయాది ఉంది, పైడి తంగేడు. అది కసింద లాగే ఉంటది, ఆకులు ఇంకా సన్నగా ఎక్కువ జతలు, కాయ చదునుగా కాకుండా ఉబ్బి ఉంటది. దాన్ని కూడా కూరాకు లెక్కలో వేసుకోవద్దు.

ఎందుకు ఇంత చెప్తున్నానంటే

పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో, సహారన్‌పూర్, బిజ్నోర్ వైపు, ఏళ్ల తరబడి వానాకాలం పోయి చలి మొదలయ్యే రోజుల్లో చిన్నపిల్లలు ఉన్నట్టుండి చనిపోయేవాళ్లు. నిన్న ఆడుకున్న పిల్లవాడికి ఇవాళ వాంతులు, తర్వాత పిచ్చిపిచ్చిగా చేయడం, స్పృహ తప్పడం, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవడం. మెదడువాపు అని రాసుకునేవాళ్లు. బిజ్నోర్‌కు చెందిన పిల్లల డాక్టరు విపిన్ వశిష్ఠ, ఆయనతో పాటు మరికొందరు డాక్టర్లు పట్టువదలకుండా వెతికితే, ఆ పిల్లలు జబ్బు పడేముందు కసింద కాయలు తిన్నారని తేలింది. 2007లో ఆ సంగతి వైద్య పత్రికల్లో వచ్చింది. వైరస్ కాదు, విషం. లివరు, కండరాలు, మెదడు మూడూ ఒకేసారి దెబ్బతింటయి. అట్లా ఆసుపత్రికి చేరిన పిల్లల్లో ఎక్కువమంది బతకలేదు.

అది దూరం అనుకుంటే, మల్కన్‌గిరి మనకు దూరం కాదు. చింతూరు దాటితే ఒడిశా, అదే మల్కన్‌గిరి జిల్లా. 2016లో అక్కడ వందమంది దాకా పిల్లలు చనిపోయారు. మొదట అంతా జపనీస్ మెదడువాపు అన్నారు. అది కొంతమందికి ఉంది కూడా. తర్వాత వేలూరు డాక్టరు జాకబ్ జాన్ గారి బృందం వెళ్లి చూసి, చాలామంది పిల్లలకు కారణం బడా చకుండా అని చెప్పింది. అంటే మన కసింద. అందులో ఉండే ఆంత్రాక్వినోన్లు అనే పదార్థాలు చేసిన పని అని తేల్చారు. చనిపోయినవాళ్లు ఎక్కువగా గిరిజన కూలీల పిల్లలు. అమ్మానాన్న చేలో ఉంటారు, పిల్లలు గట్టు మీద ఆడుకుంటారు, ఆకలేస్తే చేతికందిన కాయ నోట్లో పెట్టుకుంటారు.

మన ఊళ్లల్లో పత్తి తీతకు, మిరప తోటలకు వచ్చే కూలీ తల్లులు పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గట్టు మీద చెట్టు నీడకే కదా. ఆ గట్టు నాది, మీది.

"మా తాతల నుంచి ఉంది, ఎవరూ చావలేదు"

ఈ పోస్టు కింద ఈ మాట రాసేవాళ్లు ఉంటారని తెలుసు. నేనూ నిన్నటిదాకా అదే అన్నవాణ్ణి. దానికి నా జవాబు రెండు ముక్కలు.

మొదటిది, చావలేదని మనకు ఎట్లా తెలుసు? ఉత్తరప్రదేశ్ వాళ్లకు కూడా అన్నేళ్లు తెలియలేదు. జ్వరం అన్నారు, మెదడువాపు అన్నారు, గాలి సోకింది అన్నారు. పిల్లవాడు ఏం తిన్నాడని ఎవరూ అడగలేదు. అడగని దానికి జవాబు రాదు.

రెండోది, మందు అన్న మాట. నిజమే, కసింద వైద్యంలో ఉంది. గింజలు మాడ్చి కాఫీపొడి లాగా వాడిన దేశాలు కూడా ఉన్నయి. వేయిస్తే విషం తగ్గుతది. కానీ వైద్యుడు ఎంత, ఎప్పుడు, ఎవరికి అని చూసి ఇచ్చేది వేరు, పది కిలోలు కూడా లేని పసిపిల్ల పచ్చి గింజలు గుప్పెడు మింగేది వేరు. పెద్దవాళ్లకు తట్టుకునే శక్తి పిల్లలకు ఉండదు.

పశువుల సంగతి కూడా వినండి. వాసనకు పచ్చి కసిందను గొడ్లు, మేకలు మామూలుగా ముట్టవు. గింజ దాణాలో కలిస్తే మాత్రం తినేస్తయి. కొన్ని దేశాల్లో సోయా, జొన్న కోతలో ఈ గింజలు కలిసి, ఆ దాణా తిన్న పశువులు, పందులు, కోళ్లు చచ్చిపోయినయి. కండరాలు దెబ్బతిని, మూత్రం ముదురు రంగులో పోస్తా, లేవలేక కూలబడతయి. చేలో కసింద నిలబడి ఉండగా మిషను పెట్టి కోయించేవాళ్లు, తాలు గింజలు కోళ్లకు వేసేవాళ్లు జాగ్రత్త.

మరి తగిరిసను కూడా పీకేద్దామా?

వద్దంటాను. ఇక్కడే చాలామందితో నాకు పేచీ. "రెండూ పిచ్చిమొక్కలే, గడ్డిమందు కొట్టిపారేస్తే పోలా" అంటారు. పోదు. కాయ ముదిరాక మందు కొడితే మొక్క ఎండుతది, కాయలోని గింజ చావదు. ఈ జాతి గింజకు పెంకు గట్టి. నేలలో ఏళ్ల తరబడి పడి ఉండి, వానొచ్చినప్పుడల్లా కొన్ని మొలుస్తయి. మందు ఖర్చు మనకు, పక్క చేలో పత్తికి దెబ్బ, గింజ మాత్రం భద్రం.

తగిరిస మంచి చేసే మొక్క. తొలకరి లేతాకు, పూత రాకముందు కోసి, ఉడికించి నీళ్లు వార్చి పప్పులో వేస్తే కమ్మగా ఉంటది. మెట్ట ఊళ్లల్లో కూరగాయలు లేని ఆషాఢంలో ఎన్ని ఇళ్లను ఆదుకుందో పెద్దవాళ్లనడగండి. ఛత్తీస్‌గఢ్‌లో దీన్ని చరోటా అంటారు, ఆకు కూర వండుకుంటారు, గింజలు ఏరి అమ్ముకుంటారు. కనీస మద్దతు ధర ప్రకటించిన చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో ఈ గింజ కూడా ఉంది. దాన్నుంచి జిగురు పొడి తీస్తారు.

ఇంకో లాభం వయ్యారిభామ మీద. వయ్యారిభామ వచ్చే చోట తగిరిస గింజలు చల్లితే, అది గుబురుగా లేచి వయ్యారిభామను ఎదగనివ్వదని కలుపు శాస్త్రజ్ఞులే చెప్తారు. రోడ్డు పక్కన, పంట వేయని బీడులో ఇది చేయొచ్చు. చేలో మాత్రం వద్దు, అక్కడ అదీ కలుపే.

ఒక అపోహ కూడా తీసేస్తా. కాయ కాస్తది కాబట్టి పెసర, జనుము లాగా నత్రజని పట్టి ఇస్తదని కొందరంటారు. ఇయ్యదు. పీకి వేరు చూడండి, బుడిపెలుండవు. పచ్చిరొట్టగా దున్నితే ఆకు కుళ్లి బలం వస్తది, అంతవరకే.

తగిరిసను కూడా మరీ నెత్తిన పెట్టుకోవద్దు. దాని గింజల్లో కూడా ఆంత్రాక్వినోన్లు ఉంటయి. లేతాకు ఉడికించి తినడం వరకే. పచ్చి గింజలు పిల్లలకు గానీ, దాణాలో పశువులకు గానీ పోనియ్యొద్దు. అనుమానం ఉన్న ఆకు కూరకే వద్దు. ఒక పూట పప్పులో ఆకు లేకపోతే కొంప మునగదు.

నేనడిగేది ఇది

కసిందను భూమ్మీద లేకుండా చేద్దామని నేననడం లేదు. పసుపు రెక్కల సీతాకోకచిలుకలు దాని మీద గుడ్లు పెట్టుకుంటయి, తుమ్మెదలు దాని పూల దగ్గర ఝుమ్మని పుప్పొడి దులుపుకుంటయి. దూరాన అడవంచున ఉంటే ఉండనీయండి. పిల్లల చెయ్యి అందే చోట మాత్రం ఒక్క మొక్క ఉండొద్దు. ఇంటి దొడ్డి, అంగన్‌వాడీ, బడి, గుడి, కల్లం, కూలీలు కూర్చునే గట్టు, పశువుల పాక, ఇవి చాలు.

ఇప్పుడు శ్రావణం నడుస్తంది. పూత మొదలైంది, కాయ ఇంకా ముదరలేదు. వాన పడ్డ మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకండి. కొడవలితో కోస్తే మొదలు నుంచి మళ్లీ చిగురేస్తది. పూత మీద ఉన్నవి కుప్పేసి కుళ్లబెట్టొచ్చు. కాయ కట్టినవి ఉంటే సంచిలో వేసి, గుంట తీసి లోతుగా పూడ్చండి. పెంటకుప్పలో వేస్తే ఎరువుతో పాటు మళ్లీ మీ చేనుకే వస్తయి. వచ్చే ఏడు మళ్లీ మొలుస్తయి, మళ్లీ పీకాలి. మూడు నాలుగేళ్లు వరసగా కాయ కట్టనీయకపోతే బాగా తగ్గుతది.

వినాయక చవితి పత్రికి, బతుకమ్మ తంగేడు పూలకు పిల్లలు గట్ల మీదికి పోతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కసిందకు పచ్చికాయ ఉంటది. చవితి లోపు మా వాడలో పదిమందిమి ఒక పూట ఈ పని పెట్టుకున్నాం. మీ ఊళ్లో కూడా పంచాయతీలో ఒక మాట అడగండి. ఉపాధి హామీ మేట్లకు, అంగన్‌వాడీ టీచరమ్మకు, ఆశా కార్యకర్తకు మొక్కను చేతిలో పెట్టి చూపించండి. పిల్లలకు కూడా బెదిరించకుండా, ఈ కాయ తినేది కాదు అని చూపించి చెప్పండి.

ఎప్పుడన్నా పిల్లవాడు ఈ కాయలు తిన్నాడని తెలిసినా, వాంతులు చేసుకుని తిక్కతిక్కగా మాట్లాడినా, మంత్రం తంత్రం అని పూట గడపొద్దు. వెంటనే పెద్ద ఆసుపత్రికి పోండి. పోయేటప్పుడు కొమ్మ, కాయ సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించండి. దీనికి విరుగుడు మందంటూ లేదు. ఎంత తొందరగా పోతే అంత మేలు. ఏం తిన్నాడో చెప్పడమే మనం చేయగలిగిన పెద్ద సాయం.

మా మనవరాలు ఈ దసరాకు మళ్లీ వస్తంది. వంటలాటకు నిజం పెసలే డబ్బాలో పోసి పెట్టాను. దొడ్లో ఒక పక్కన నాలుగు తగిరిస మొక్కలు, మూడు జతల ఆకులు, మధ్యలో గ్రంథి చూసి మరీ, ఉంచాను. కసింద ఒక్కటి కూడా లేదు, మొన్న చివరిది పీకాను.

మీ దొడ్లో ఏముందో రేపు పొద్దున చూసి కింద రాయండి. ఫొటో పెట్టేవాళ్లు ఆకు కాడ మొదలు కనపడేటట్టు తీయండి, బుడిపె ఉందో లేదో అందరం కలిసి చూద్దాం. మీ ఊళ్లో ఈ రెండిటినీ ఏ పేర్లతో పిలుస్తారో అది కూడా రాయండి.

ఉంటాను.